ఊగే గుర్రం, తీగ లేని జిగ్‌సా: కడపలో ఒక ప్రాజెక్టు డైరీ

మూడేళ్ళ పిల్ల ఎక్కి ఊగే చెక్క గుర్రం ఇది. మా అక్క కూతురికి. ప్లైవుడ్‌తో చేస్తున్నాను, కోతలన్నీ తీగ లేని జిగ్‌సాతోనే. సన్నటి బ్లేడు కిందికీ పైకీ ఆడుతూ కోసే, చేత్తో పట్టుకునే బ్యాటరీ రంపం అది. వంపులు ఎక్కువ, నేరు కోతలు తక్కువ కాబట్టి ఈ పనికి జిగ్‌సాయే తగినది. కొలతలు, ఖర్చు, బ్లేడు వంగిన చోట్లు, విరిగిన చోట్లు, ఆ తర్వాత ఏం మార్చానో వరసగా రాసిపెడుతున్నాను. ఎవరైనా ఇదే గుర్రం చేయాలనుకుంటే ఈ కొలతలు అలాగే తీసుకోవచ్చు.

ముందుగా ఒక్క మాట. జిగ్‌సా చూడ్డానికి సాధువుగా ఉంటుంది. గుండ్రంగా తిరిగే రంపంలాగా భయపెట్టదు, చేతిలో ఇమిడిపోతుంది. కానీ దాని పళ్ళు పనిచేసేది మనకు కనబడని చోట, పలక అడుగున. ఈ డైరీలో నేను చేసిన మార్పుల్లో చాలావరకు ఆ అడుగు గురించే.

దశ 1: సరుకు, కొలతలు

యంత్రం 18 వోల్టులది. స్ట్రోక్, అంటే బ్లేడు పైనుంచి కిందికి కదిలే దూరం, 26 మి.మీ., నిమిషానికి 2,600 స్ట్రోకుల దాకా. 2 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు. ఇంట్లో ఉన్నదే కాబట్టి ఖర్చులో వేయలేదు.

ప్లై కొనడానికి పోయేటప్పుడు మందం కొలిచే వెర్నియర్ జేబులో వేసుకుని పోండి. ఒక కొట్లో 18 మి.మీ. అని చూపించిన షీటు 16.6 వచ్చింది. ఏడు రోడ్ల కూడలి వైపు ఇంకో కొట్లో ఐఎస్ 710 ముద్ర ఉన్న షీటు 17.4 వచ్చింది, అదే తీసుకున్నాను. ఐఎస్ 710 అంటే నీళ్ళలో ఉడికించినా పొరలు విడిపోని రకం. రోజూ తడిగుడ్డతో తుడిచే వస్తువుకు అదే మేలు. అంచులో పొరల మధ్య సందులు లేకుండా చూసుకోవాలి. సందు ఉన్నచోట జిగ్‌సా బ్లేడు అదురుతుంది, పై పొర పెచ్చులుగా లేస్తుంది.

ముక్కల కొలతలు ఇవీ:

1. ఊగుబద్దలు (గుర్రం కింద నేలకు ఆనే వంపు బద్దలు): పొడవు 800 మి.మీ., వెడల్పు 70, బయటి వంపు వ్యాసార్ధం 950. ఒక్కోటి రెండు పొరలు, అంటే మొత్తం నాలుగు ముక్కలు.
2. పక్కపలకలు, కాళ్ళతో కలిపి: 600 × 400, రెండు.
3. తల, మెడ: 350 × 300, రెండు పొరలు.
4. కూర్చునే పలక 300 × 220 (వెడల్పు తర్వాత పెంచాను, దశ 6 చూడండి), వీపు పలక 260 × 200, అడ్డబద్దలు మూడు.

950 వ్యాసార్ధానికి, 800 పొడవుకు వంపు ఎత్తు 88 మి.మీ. వస్తుంది. వంపు గీయడానికి ఒక సన్నటి రీపరు తీసుకుని ఒక చివర మేకు, సరిగ్గా 950 దూరంలో పెన్సిలు దూరే రంధ్రం, 880 దగ్గర ఇంకో రంధ్రం వేశాను. మేకు దగ్గర తిప్పితే బయటి గీత, లోపలి గీత రెండూ పడతాయి. దారంతో గీస్తే అది సాగి గీత మారుతుంది, ఆ దారి వద్దు.

బ్లేడ్లు రెండు రకాలు. రెండూ పైన టీ ఆకారపు పట్టు ఉన్నవే, ఇప్పటి యంత్రాలకు అవే సరిపోతాయి. టీ101బీ శుభ్రమైన కోతకు, పెద్ద వంపులకు. టీ119బీఓ సన్నటిది, చిన్న వంపులకు. చివర ‘ఓ’ ఉంటే వంపుల బ్లేడని గుర్తు. చివర ‘ఆర్’ ఉంటే పళ్ళు కిందికి తిరిగి ఉంటాయి. చెక్కకని చెప్పి ఇనుము కోసే బ్లేడు అంటగట్టే కొట్లున్నాయి, ప్యాకెట్ మీద చెక్క బొమ్మ చూసి తీసుకోండి.

ఖర్చు: ప్లై సగం షీటు 1,680, టీ101బీ అయిదు 380, టీ119బీఓ అయిదు 340, కళ్ళద్దాలు 150, ఎన్95 మాస్కులు 120, ఎఫ్ క్లాంపులు (పలకను బల్లకు బిగించి పట్టేవి) రెండు 700. ఇప్పటిదాకా మొత్తం రూ. 3,370.

క్లాంపులకు 700 ఎందుకని అడిగేవాళ్ళున్నారు. ఈ జాబితాలో దేన్నయినా తగ్గించుకోండి, క్లాంపులను మాత్రం తగ్గించొద్దు.

దశ 2: పలక అడుగున ఎంత బ్లేడు ఉంటుంది

కోత మొదలుపెట్టే ముందు చేసిన పని ఇది. ఒక తుక్కు ముక్క అంచున జిగ్‌సాను ఆనించి, బ్యాటరీ తీసేసి, బ్లేడును చేత్తో మెల్లగా పైకీ కిందికీ జరిపి, పలక అడుగు నుంచి బ్లేడు కొన ఎంత దూరం వస్తుందో స్కేలుతో కొలిచాను. జరిపేటప్పుడు చేతికి మందపాటి గుడ్డ చుట్టుకున్నాను.

టీ101బీ, ఒక పొర ప్లై: అతి కిందికి 48 మి.మీ., అతి పైకి 22.
టీ101బీ, రెండు పొరలు: 31, 5.
టీ119బీఓ, ఒక పొర: 29, 3.
టీ119బీఓ, రెండు పొరలు: కొన చెక్కలోపలికే పోతుంది.

ఈ నాలుగు వరసల్లోనే సగం జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, పలక అడుగున దాదాపు రెండంగుళాల బ్లేడు సెకనుకు నలభై సార్లకు పైగా కిందికీ పైకీ ఆడుతుంది. అక్కడ వేలు, కాలు, బల్ల అంచు, క్లాంపు చేయి, ఏదీ ఉండకూడదు. రెండోది, కొన పైకి వచ్చినప్పుడు కూడా పలక అడుగు దాటి ఉండాలి. చెక్కలోపలికి పోయిందంటే కిందికి దిగేటప్పుడు కొన చెక్కను పొడుస్తుంది, యంత్రం చేతిలోంచి ఎగిరి పడుతుంది. అందుకే టీ119బీఓను రెండు పొరల మీద వాడకూడదని అప్పుడే తేలిపోయింది.

బల్లల ఏర్పాటు మార్చాను. రెండు బల్లలు పక్కపక్కన పెట్టి మధ్య ఒక జానెడు సందు వదిలాను. గీత ఎప్పుడూ ఆ సందు మీదే ఉండేట్టు పలకను జరుపుకుంటూ, రెండు వైపులా క్లాంపులు వేస్తూ పోవాలి. పలక ఎత్తు నడుము దగ్గరికి వచ్చింది.

ఈ ఏర్పాటు చూసి పక్కింటి ఆచారి మామ ఆగాడు. పాతికేళ్ళుగా తలుపులు, దర్వాజాలు చేస్తున్న మనిషి.

“ఏందబ్బీ, ఇంత పలకకు బల్లలు, క్లాంపులా? కిందేసి కాలితో తొక్కిపట్టుకుంటే సరిపోలా?”

“చేతి రంపమైతే సరే మామా. దీని బ్లేడు కింద రెండంగుళాలు బయటికొస్తాది. మన కాలి వేళ్ళు ఆడనే ఉంటాయి.”

ఆయన నమ్మలేదు. తుక్కు ముక్కకు క్లాంపులు వేసి, ఆయన్ను నాలుగడుగుల దూరంలో గొంతుక్కూర్చుని బల్ల కిందికి చూడమని స్విచ్చి నొక్కాను. పైనుంచి చూస్తే పళ్ళు నాలుగైదు కూడా కనబడవు. అడుగున బ్లేడు మసకగా ఒక బూడిద రంగు గీతలాగా ఆడుతోంది, పొట్టు అంతా ఆయన వైపే రాలుతోంది.

“ఓయబ్బ!” అని లేచి నిలబడ్డాడు. మన వైపు వడ్రంగులు నేల మీద కూర్చుని, పలకను మడమతో అదిమి కోస్తారు. తరతరాల అలవాటు, చేతి రంపానికి చక్కటి పద్ధతి. జిగ్‌సాకు మాత్రం అది పనికిరాదు. యంత్రం కొన్న వడ్రంగులకు ఇది చెప్పి తీరాలి.

మొదలుపెట్టే ముందు ప్రతిసారీ పాటించే వరస ఇది, గోడకు అంటించుకున్నాను:

1. బ్లేడు మార్చాలన్నా, ముట్టుకోవాలన్నా బ్యాటరీ తీసెయ్యి. తీగ లేదు కాబట్టి ప్లగ్గు పీకడం అనేది లేదు, బ్యాటరీ ఉన్నంతసేపూ యంత్రం ప్రాణంతోనే ఉంటుంది.
2. బ్లేడు బిగించాక కిందికి లాగి చూడు. వెనకున్న చిన్న చక్రం బ్లేడు వీపుకు తగులుతోందా చూడు.
3. రెండు క్లాంపులు. ఒకటే అయితే పలక దాని చుట్టూ తిరుగుతుంది.
4. వంగి పలక అడుగు చూడు. ఖాళీ ఉందా?
5. కళ్ళద్దాలు, మాస్కు, కాళ్ళకు బూట్లు. లుంగీ వద్దు, భుజం మీద తువ్వాలు వద్దు.
6. బేస్ ప్లేటు (యంత్రం అడుగునున్న చదును రేకు) పలక మీద ఆనించి, బ్లేడు చెక్కకు తగలకుండా ఉంచి, స్విచ్చి నొక్కి, వేగం అందుకున్నాక ముందుకు తొయ్యి.
7. ఆపాలంటే స్విచ్చి వదిలి, బ్లేడు పూర్తిగా నిలిచేదాకా కదలకుండా పట్టుకో. ఆ తర్వాతే పైకి తియ్యి.

ఏడోది అందరూ తప్పే చోటు. ఆడుతున్న బ్లేడును పైకి లేపితే కొన పలక పైముఖాన్ని టకటకా కొడుతుంది. పలక గుంటలు పడుతుంది, బ్లేడు వంగుతుంది, రెండో చెయ్యి దగ్గరుంటే ఇక చెప్పక్కర్లేదు.

ఆరో దాని వెనక ఒక సంగతి ఉంది. 1946లో స్విట్జర్లాండ్‌లో సింటిల్లా కంపెనీ ఇంజనీరు ఆల్బర్ట్ కౌఫ్‌మన్ కుట్టుమిషను సూది స్థానంలో రంపం బ్లేడు బిగించి చూశాడు, జిగ్‌సా అక్కడి నుంచి పుట్టింది. కుట్టుమిషనులో పాదం గుడ్డను అదిమిపెట్టకపోతే సూది గుడ్డను పైకి లాగేస్తుంది. జిగ్‌సాలోనూ అంతే, పళ్ళు పైకి తిరిగి ఉంటాయి, కోత పైకి వచ్చేటప్పుడే. బ్లేడు చెక్కను పైకి లాగుతుంటే బేస్ ప్లేటు దాన్ని కిందికి అదిమి ఉంచాలి. ప్లేటు ఒక పక్క లేచిందా, చెక్కా యంత్రమూ రెండూ అదిరిపోతాయి.

పళ్ళు పైకి కోస్తాయి కాబట్టి పెచ్చులు కూడా పైముఖం మీదే లేస్తాయి. అందుకని మంచి ముఖం కిందికి తిప్పి, వెనక ముఖం మీద గీత గీసుకోవాలి.

దశ 3: ఊగుబద్దలు, రెండు పొరలు కలిపి కోస్తే

రెండు ఊగుబద్దలు అచ్చంగా ఒకేలా ఉండాలి, లేకపోతే గుర్రం ఊగుతూ పక్కకు తిరుగుతుంది. రెండు పొరలు కలిపి క్లాంపు వేసి ఒకే కోతలో కోసేస్తే రెండూ ఒకటే వస్తాయని లెక్క. యంత్రం మీది ఆర్బిటల్ మీట (అది ఏం చేస్తుందో కింద రాశాను) 2 దగ్గర, టీ101బీ.

పై పొర గీత మీద చక్కగా వచ్చింది. పలక తిప్పి చూస్తే అడుగు పొర ఒక చివర గీత బయటికి 2 మి.మీ., మధ్యలో ఒక అడుగు పొడవునా గీత లోపలికి 4 మి.మీ. తినేసింది. బయటికి ఉన్నది అరగదీయొచ్చు. లోపలికి తిన్నది ఏం చేసినా రాదు. ఆ ముక్కను అడ్డబద్దలకు మళ్ళించాను.

కారణం వెతకడానికి తుక్కు ముక్కల మీద కోసి, కోత ముఖానికి మూలమట్టం పెట్టి చూశాను. బ్లేడు పై చివర మాత్రమే యంత్రంలో బిగించి ఉంటుంది, కింది చివర ఆధారం లేకుండా వేలాడుతుంది. వంపులో యంత్రాన్ని పక్కకు తిప్పుతుంటే పైభాగం గీత వెంబడి పోతుంది, కింది కొన వెనకబడి పక్కకు వంగుతుంది. మందం ఎక్కువయ్యేకొద్దీ వంకర పెరుగుతుంది.

రెండు పొరలు, ఆర్బిటల్ 2, గట్టిగా తోస్తే: పైకీ అడుగుకీ తేడా 3.5 మి.మీ.
రెండు పొరలు, ఆర్బిటల్ 0, మెల్లగా: 1 మి.మీ. పైన.
ఒక పొర, ఆర్బిటల్ 0, మెల్లగా: అర మి.మీ. లోపే.

ఆర్బిటల్ మీట బ్లేడును పైకీ కిందికీ కాక ముందుకూ ఊపుతుంది. 3 మీద పెడితే నేరు కోతలు సర్రున పోతాయి. వంపులకు, పెచ్చులు లేవకూడదనుకునే కోతలకు 0 మంచిది. ఇంకా ముఖ్యం చేతి ఒత్తిడి. చేత్తో తోసే జోరుకు కాదు, బ్లేడు కోసుకుపోయే జోరుకు యంత్రం ముందుకు పోవాలి. మోటారు చప్పుడు బరువెక్కిందంటే తోపు ఎక్కువైందని అర్థం.

మార్చిన పద్ధతి:

1. మొదటి బద్దను గీతకు 1 మి.మీ. బయటే కోసి, ఆకురాయితో, సాండ్ పేపరుతో గీత దాకా తెచ్చాను. ఇదే నమూనా.
2. మిగతా మూడింటిని ఈ నమూనా పెట్టి గీసి, ఒక్కో పొరగా, ఆర్బిటల్ 0తో కోశాను. ఒక్కో వంపుకు దాదాపు నాలుగు నిమిషాలు.
3. నాలుగింటిని కలిపి క్లాంపు వేసి, అంచులు ఒకేసారి అరగదీశాను.

గీత వెంట పదునైన చాకుతో ఒకసారి గీరమని ఆచారి మామ చెప్పాడు. పై పొర నారలు ముందే తెగిపోతాయి, పెచ్చు అక్కడికొచ్చి ఆగిపోతుంది. మాస్కింగ్ టేపు అంటించి కోసిన చోటి కంటే చాకుతో గీరిన చోటే అంచు శుభ్రంగా వచ్చింది. టేపు మీద పెన్సిలు గీత బాగా కనబడుతుంది, దానికి పనికొస్తుంది.

కోసేటప్పుడు గీత మీద పొట్టు పేరుకుంటుంది. మొహం దగ్గరికి పెట్టి నోటితో ఉఫ్‌మని ఊదడం అందరికీ అలవాటు. ఊదొద్దు. యంత్రంలోనే పొట్టు ఊదే మీట ఉంది, అది వేసుకోండి. లేకపోతే ఆపి, బ్రష్‌తో తుడిచి మళ్ళీ మొదలుపెట్టండి.

బ్లేడ్ల లెక్క: టీ101బీ ఒకటి మొండిబారింది. ప్లై జిగురు పళ్ళను త్వరగా అరగదీస్తుంది. కోత ముఖం గోధుమ రంగులో కాలినట్టు కనబడితే బ్లేడు మార్చే సమయం వచ్చినట్టే.

ఖర్చు: టేపు 40. మొత్తం రూ. 3,410.

దశ 4: ఎండ, బ్యాటరీ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. కడప ఎండకు లిథియం బ్యాటరీ కూడా తట్టుకోలేదు. మధ్యాహ్నం వరండాలో కోసి, వేడిగా ఉన్న బ్యాటరీని అలాగే చార్జర్‌లో పెడితే దీపం మినుకుమినుకుమంటుంది తప్ప చార్జి ఎక్కదు. చార్జర్ పాడైందనుకోవద్దు. లోపలి వేడి తగ్గేదాకా అది కావాలనే ఆపుతుంది. 40 డిగ్రీలు దాటిన వేడిలో ఇలాంటి బ్యాటరీలకు చార్జి ఎక్కించడం వాటి ఆయుష్షుకు మంచిది కాదు.

మార్పు: చార్జింగు తెల్లవారుజామున, ఇంట్లో, నేల మీద. కోత పొద్దున పదింటిలోపే. బ్యాటరీ చల్లబడాలని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. తడిగుడ్డ కూడా వద్దు. ఫ్యాను గాలి కింద పెడితే చాలు. స్కూటర్ డిక్కీలో, మిద్దె మీద ఎండలో వదిలేయడం అసలే వద్దు.

పని ముగిశాక బ్యాటరీ ఒక చోట, యంత్రం ఇంకో చోట. పిల్లలున్న ఇంట్లో ఇదొక్కటీ మరచిపోకూడదు. స్విచ్చికి తాళం బొత్తాం ఉందని నమ్ముకోకండి, పిల్లలు రెండు చేతులతో ఏదైనా నొక్కేస్తారు.

దశ 5: పక్కపలకలు, మెడ వంపు

పక్కపలకల్లో పొట్ట కింద పెద్ద వంపు, కాళ్ళ మధ్య చిన్న వంపులు. పెద్దవి టీ101బీతో హాయిగా వచ్చాయి. కాలికీ పొట్టకూ మధ్య 25 మి.మీ. వ్యాసార్ధపు మూలలో అదే బ్లేడుతో తిప్పబోతే టక్కుమని విరిగింది. వెడల్పాటి బ్లేడు తన వెనకభాగంతో కోత గోడను ఒత్తుకుంటూ మెలిపడుతుంది. విరిగిన ముక్క కిందికి పడి కడప బండ మీద గంటలా మోగింది. అది పైకి ఎగిరి ఉంటే కళ్ళద్దాలే దిక్కు. చెక్కలో మిగిలిన ముక్కను వేళ్ళతో తీయొద్దు, చాలా వేడిగా ఉంటుంది. బ్యాటరీ తీసి, చల్లబడ్డాక కటింగ్ ప్లయరుతో లాగాలి.

అక్కడి నుంచి పని వరస ఇలా మార్చాను:

1. చిన్న మూలలకు ముందుగా పనికిరాని భాగంలో, అంచు నుంచి గీతకు 1 మి.మీ. ముందు దాకా నేరుగా నాలుగైదు కోతలు, వేళ్ళ సందుల మాదిరి.
2. తర్వాత టీ119బీఓతో గీత వెంట పోతే ఆ ముక్కలు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. బ్లేడు తిరగడానికి చోటు దొరుకుతుంది.
3. అయినా తిరగనంటే బలవంతం చేయకుండా ఆపి, బ్లేడు నిలిచాక వెనక్కి తీసి, ఇంకో వైపు నుంచి రావాలి.

టీ119బీఓ కొన పలక అడుగున పైకి వచ్చినప్పుడు 3 మి.మీ. మాత్రమే బయట ఉంటుందని రెండో దశలో రాశాను కదా. అందుకే ఇక్కడ పలక అడుగున ఇంకో తుక్కు పలక వేయకూడదు, మందం పెరుగుతుంది. మాస్కింగ్ టేపు వరకు పరవాలేదు.

ఇంకో సంగతి. కోత చివరికొచ్చేసరికి తెగే ముక్క బరువుకు కిందికి జారి బ్లేడును పట్టేస్తుంది, చివరి పొర పెచ్చుగా చీలుతుంది. ఆ ముక్కను చేత్తో పట్టుకోవాలనిపిస్తుంది. ఆ చెయ్యి సరిగ్గా బ్లేడు కిందికే పోతుంది. ముక్క కింద రెండో బల్ల ఆనేట్టు సర్దుకోండి, లేదా ముక్కకు పైనుంచే టేపు పట్టీ వేయండి.

మెడ దగ్గర రెండు పొరలు ఒక్కొక్కటిగా కోసి తర్వాత అంటించాను. మూడో దశ నేర్పినదే.

ఇప్పటిదాకా మొత్తం బ్లేడ్ల లెక్క: టీ101బీ ఒకటి మొండి, ఒకటి విరిగింది. టీ119బీఓ ఒకటి వంగింది. పక్కన పెట్టాను, వంగినదాన్ని సుత్తితో సాపు చేసి వాడకూడదు.

దశ 6: లోపలి రంధ్రాలు

వీపు పలకలో చెయ్యి పెట్టి ఎత్తడానికి 90 × 30 కోడిగుడ్డు ఆకారపు రంధ్రం. చుట్టూ అంచు లేదు, లోపలే మొదలు కావాలి. జిగ్‌సాను ముక్కు మీద నిలబెట్టి బ్లేడును చెక్కలోకి దించే పద్ధతి ఒకటుంది. బ్లేడు జారితే పలక పాడవుతుంది, చెయ్యి పాడవుతుంది. పది మి.మీ. డ్రిల్లు ఇంట్లో ఉండగా ఆ పద్ధతి అక్కర్లేదు.

1. రంధ్రం రెండు కొసల్లో, గీత లోపల, 10 మి.మీ. డ్రిల్లు.
2. బ్యాటరీ లేకుండానే బ్లేడును రంధ్రంలో దించి, బేస్ ప్లేటు పూర్తిగా ఆనిందో లేదో చూడాలి.
3. అడుగున ఖాళీ మళ్ళీ చూసి, బ్లేడు రంధ్రం గోడలకు తగలకుండా ఉంచి, బ్యాటరీ పెట్టి మొదలుపెట్టాలి.
4. సగం కోసి ఆపి, రెండో కొస నుంచి మిగతా సగం.

పిడి కోసం తల దగ్గర 25 మి.మీ. రంధ్రం. ఇది జిగ్‌సాతో కోస్తే గుండ్రంగా రాదు, 25 ఫ్లాట్ బిట్ (డ్రిల్లుకు బిగించే వెడల్పాటి ముక్క) తెచ్చాను. పిడికి టేకు గుండ్రటి కడ్డీ.

పిల్లల వస్తువుల్లో సందుల గురించి ఒక లెక్క పాటిస్తున్నాను. కదిలే భాగాల మధ్య 5 మి.మీ. కడ్డీ దూరే సందు ఉంటే 12 మి.మీ. కడ్డీ కూడా దూరాలి. మధ్యస్థంగా ఉంటే చిన్న వేలు దూరి ఇరుక్కుంటుంది. మా గుర్రంలో కదిలే భాగాలు లేవు, అయినా కూర్చునే పలకకూ పక్కపలకకూ మధ్య 7 మి.మీ. సందు వస్తుందని గీతలో కనబడగానే ఆ పలకను వెడల్పు చేసి సందు లేకుండా మూసేశాను.

ఖర్చు: ఫ్లాట్ బిట్ 130, కడ్డీ 80. మొత్తం రూ. 3,620.

దశ 7: జిగురు

ఊగుబద్దల పొరలు అంటించడానికి ఎక్కువ క్లాంపులు కావాలి, నా దగ్గర రెండే ఉన్నాయి. ఇక్కడ కడప బండ ఆదుకుంది. రెండడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, 40 మి.మీ. మందం ఉన్న బండ దాదాపు 20 కిలోలు తూగుతుంది. కింద ఒక బండ, పాత పేపరు, జిగురు పూసిన బద్దలు, మళ్ళీ పేపరు, పైన రెండు బండలు. నునుపు చేసిన ముఖం చెక్క వైపు ఉండాలి. రెండో ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది. బద్దలు జారకుండా రెండు చివర్లా పనికిరాని భాగంలో చిన్న మేకులు కొట్టాను. రాత్రంతా వదిలేశాను.

ఒక రాత్రి ఆరాక బద్ద మందం 35 మి.మీ. వచ్చింది. 36 అని లెక్క వేసుకుని పక్కపలకలో గాడి కోసి ఉంటే వదులయ్యేది. అందుకే గాడి గీతలన్నీ అంటించిన తర్వాతే, అసలు ముక్క పెట్టి గీయాలి.

ఒకరు బండను కూడా జిగ్‌సాతో కోయొచ్చా అని అడిగారు. చెక్క బ్లేడుతో కుదరదు. బండకు డైమండ్ వీల్ ఉన్న మార్బుల్ కట్టర్ కావాలి. అదే మార్బుల్ కట్టర్‌కు పళ్ళ చక్రం వేసి చెక్క కోయడం మన దగ్గర మామూలైపోయింది. చక్రం చెక్కలో పట్టేసిందంటే యంత్రం మనిషి మీదికే వస్తుంది. ప్లైకి నేరు కోతలు అవసరమైతే ప్లై కొట్లోనే పెద్ద యంత్రం మీద కోయించుకోండి. లేదా జిగ్‌సాకు ఒక నేరు రీపరు ఆనిస్తూ కోయండి. నా అడ్డబద్దలు అలాగే వచ్చాయి, 300 మి.మీ. పొడవుకు తేడా 1 మి.మీ. లోపే.

ఖర్చు: ఫెవికాల్ 190, స్క్రూలు 120. మొత్తం రూ. 3,930.

దశ 8: నునుపు, పొట్టు, రంగు

80, 120, 220 నంబరు సాండ్ పేపర్లు వరసగా. అంచులన్నీ 5 మి.మీ. గుండ్రంగా. ప్లై అంచులో నార గుచ్చుకుంటుంది, పాత నైలాన్ మేజోడును అంచు మీద లాగి చూస్తే ఎక్కడ పట్టుకుంటుందో అక్కడ మళ్ళీ అరగదీయాలి.

మాస్కు ఈ దశలోనే ఎక్కువ అవసరం, కోసేటప్పటి కంటే అరగదీసేటప్పుడు పొడి సన్నగా ఉంటుంది. చెక్క పొట్టును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది. తువ్వాలు మూతికి చుట్టుకుంటే ఆ పొడి ఆగదు. పని చేసిన చోట చీపురుతో పొడి పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. పిల్లను ఆ గదిలోకి రానివ్వలేదు.

రంగు విషయంలో అటక మీది పాత డబ్బా వాడుకుందామని మా అక్క అంది. వద్దన్నాను. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు డబ్బాలో ఏముందో చెప్పలేం. నీళ్ళతో కలిపే పారదర్శక వార్నిష్ మూడు పూతలు వేశాను, కళ్ళు మాత్రం కొత్త డబ్బా నల్లరంగుతో.

ఖర్చు: సాండ్ పేపర్లు 90, వార్నిష్, నల్లరంగు కలిపి 380. మొత్తం రూ. 4,400.

దశ 9: ఊపు పరీక్ష

గుర్రాన్ని నునుపు బండ మీద పెట్టి, ఊగుబద్దల కింద పేపరు ముక్క జొనిపి చూశాను. ఎడమ బద్ద మధ్యలో ఒక చోట పేపరు దూరింది. అర మి.మీ. ఎత్తు. సాండ్ పేపరును బండ మీద పరిచి, గుర్రాన్నే దాని మీద ఊపుతూ సరిచేశాను.

తర్వాత 25 కిలోల బియ్యం సంచి కూర్చునే పలక మీద కట్టి ఊపితే స్క్రూలు, అతుకులు కదల్లేదు. కానీ రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, వెనక్కి బాగా ఊపితే బద్ద చివరి దాకా పోయి దాదాపు 25 డిగ్రీలు వాలుతోంది. సంచి జారింది. పిల్ల అయితే వెనక్కి పడుతుంది. బద్దల నాలుగు కొసల అడుగున 20 మి.మీ. ఎత్తు చెక్క ముక్కలు జిగురు, స్క్రూలతో బిగించాను. ఇప్పుడు 13 డిగ్రీల దగ్గర ముక్క నేలకు తగిలి ఆగిపోతుంది. కోణం ఫోన్‌లోని మట్టం యాప్‌తో చూశాను.

రెండోది, నునుపు బండ మీద గుర్రం ఊగుతూ ఊగుతూ ముందుకు జరుగుతోంది. పాత స్కూటర్ ట్యూబును 30 మి.మీ. పట్టీలుగా కత్తిరించి బద్దల అడుగున ఫెవికాల్‌తో అంటిస్తే రెండు రోజుల్లో ఊడిపోయింది, రబ్బరుకు ఆ జిగురు పట్టదు. సైకిల్ పంచర్ కొట్టులో వాడే రబ్బరు సొల్యూషన్ రెండు వైపులా పూసి, పదినిమిషాలు ఆరనిచ్చి అంటించాను, కొసల్లో చిన్న మేకులు కూడా. ఇప్పుడు కదలడం లేదు, చప్పుడు కూడా తగ్గింది.

ఖర్చు: సొల్యూషన్ 30. మొత్తం రూ. 4,430. మిగిలినవి: టీ101బీ మూడు, టీ119బీఓ నాలుగు, ప్లై ముక్క ఒకటి 400 × 300. కొస ముక్కల స్క్రూలు, రబ్బరు పట్టీలు నెలకోసారి చూసి బిగించాలని గుర్రం పొట్ట లోపలి వైపు పెన్సిలుతో రాసిపెట్టాను.